నైస్ బ్యాండ్ ‘ఫైవ్ బ్రిడ్జెస్’: కలిపారా, పక్కపక్కన పెట్టారా?

టైన్_ఒడ్డున
ఉద్యోగం మీద ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌కి వచ్చి రెండేళ్లవుతోంది. ఇల్లు టైన్ నదికి అవతలి ఒడ్డున, గేట్స్‌హెడ్‌లో. రోజూ హై లెవెల్ బ్రిడ్జి మీదుగా నడిచి ఆఫీసుకి వెళ్తాను. పోయిన నెల మా ఆఫీసులో ఒక పెద్దాయన రిటైరయ్యారు. వెళ్లేముందు ఒక పాత ఎల్పీ రికార్డు తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వు రోజూ నడిచే వంతెన ఇందులో ఉంది, విను" అన్నారు. నైస్ అనే బ్యాండు వాళ్ల ‘ఫైవ్ బ్రిడ్జెస్’. 1970లో వచ్చింది.

నాలుగుసార్లు విన్నాను. రాక్‌లో క్లాసికల్‌నీ జాజ్‌నీ కలిపిన తొలి బ్యాండ్లలో ఇదొకటని ఎక్కడ చూసినా రాస్తున్నారు. నాకేమో కలిసినట్టు వినపడలేదు. ఆర్కెస్ట్రా వాయిస్తుంది, ఆగుతుంది. ముగ్గురు కుర్రాళ్లు కీబోర్డు, బేస్, డ్రమ్స్‌తో దూకుతారు, ఆగుతారు. మళ్లీ ఆర్కెస్ట్రా. రెండో వైపు తిప్పితే క్లాసికల్ స్వరకర్తలు సిబేలియస్‌నీ చైకోవ్‌స్కీనీ తీసుకుని వెనక డ్రమ్స్ వేశారు. తెనాలిలో ఎనిమిదేళ్లు వయొలిన్ నేర్చుకున్నాను. రెండు వాద్యాలు కలిసి నడిస్తే ఎలా ఉంటుందో నా చెవికి తెలుసు. ఇందులో అది దొరకడం లేదు.

ఆయన ప్రేమగా ఇచ్చారు. వచ్చే నెల వాళ్లింటికి టీకి పిలిచారు. ఎలా ఉందని తప్పకుండా అడుగుతారు. అబద్ధం చెప్పడం ఇష్టం లేదు. నేను వినాల్సినదేదో వదిలేస్తున్నానేమో. తెలిసినవాళ్లు చెప్పండి.

విస్తరాకు
కలవడం అంటే పెరుగన్నంలా కలవాలా? విస్తట్లో పప్పు ఒక పక్క, ఆవకాయ ఒక పక్క ఉంటాయి. కలుపుకోవడం తినేవాడి చేతిలో ఉంది.

ఆర్గాన్_మోజు
ఈ బ్యాండు గురించి తెలుగులో ఎవరైనా అడుగుతారా అని ఎన్నాళ్లుగానో చూస్తున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

చిక్కల్లా మీరు ఫైవ్ బ్రిడ్జెస్‌తో మొదలుపెట్టడంలో ఉంది. అది వాళ్ల ప్రయాణంలో దాదాపు చివరి మజిలీ. మొదలు 1967లో. పి.పి. ఆర్నాల్డ్ అనే అమెరికన్ సోల్ గాయని ఐక్ అండ్ టీనా టర్నర్ బృందంతో ఇంగ్లండ్ వచ్చి లండన్‌లోనే ఉండిపోయింది. ఆవిడ వెనక వాయించడానికి ఒక బ్యాండు కావాల్సి వచ్చింది. కీత్ ఎమర్సన్ ఆర్గాన్, లీ జాక్సన్ బేస్ ఇంకా గాత్రం, డేవిడ్ ఓలిస్ట్ గిటార్. డ్రమ్స్ మీదికి కొద్ది రోజులకే బ్రయన్ డేవిసన్ వచ్చాడు. ఆవిడ స్టేజీ మీదికి వచ్చేముందు వీళ్లు సొంతంగా కాసేపు వాయించేవాళ్లు. ఆ ఆగస్టులో విండ్సర్ జాజ్ ఫెస్టివల్‌లో జనం వీళ్లని వేరుగా గుర్తుపట్టారు. కొన్నాళ్లకే ఆవిడ దారి ఆవిడది, వీళ్ల దారి వీళ్లది. ఆ చలికాలం హెండ్రిక్స్, పింక్ ఫ్లాయిడ్‌లతో కలిసి ఊరూరా తిరిగారు.

1968లో గిటారిస్టు ఓలిస్ట్ వెళ్లిపోయాడు. అతని చోట ఇంకొకరిని కుదుర్చుకోకుండా ముగ్గురే మిగిలారు. అసలు సంగతి ఇక్కడే ఉందని నా నమ్మకం. రాక్ బ్యాండులో ముందు నిలబడేది గిటారు. ఇక్కడ ఆ చోటు ఆర్గాన్‌కి వచ్చింది. గిటారిస్టు చేతుల్లో బ్లూస్ ఉంటుంది. ఎమర్సన్ చేతుల్లో చిన్నప్పుడు పియానో మీద నేర్చుకున్న పాతకాలపు జర్మన్ స్వరకర్త బాఖ్ ఉన్నాడు, కుర్రతనంలో విన్న జాజ్ ఆర్గాన్ ఉంది. అతను ముందుకు రాగానే అవి కూడా ముందుకొచ్చాయి. ఎవరో కూర్చుని "రెండూ కలుపుదాం" అని పథకం వేస్తే వచ్చిన సంగీతం కాదిది.

ముందు ‘రోండో’ వినండి. తర్వాత ‘అమెరికా’. ఆ రెండూ విన్నాక ఫైవ్ బ్రిడ్జెస్‌కి రండి.

డీప్_పర్పుల్_దాసు
తొలి బ్యాండు, తొలి బ్యాండు అని ఎందుకు అంటారో నాకు అర్థం కాదు. మూడీ బ్లూస్ వాళ్లు ఆర్కెస్ట్రాతో ఆల్బమ్ చేసింది 1967 నవంబరులో. డీప్ పర్పుల్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో రాయల్ ఫిల్‌హార్మోనిక్‌తో ‘కాన్సర్టో’ వాయించింది 1969 సెప్టెంబర్ 24న. ఫైవ్ బ్రిడ్జెస్ మొదటి ప్రదర్శన ఎప్పుడు? అక్టోబర్ 10. పదహారు రోజులు వెనక.

ఆర్గాన్_మోజు
దాసు గారూ, నేను తొలి అనలేదు. అన్నది టైన్ గారు చదివిన చోట్ల. అయినా పదహారు రోజుల తేడాలో పుట్టినవాళ్లు కవలలే. అక్కడ కూడా కాన్సర్టో రాసింది ఆర్గాన్ వాయించే జాన్ లార్డే, గమనించారా? ఇద్దరూ ఆర్గాన్ వాళ్లే. నేను చెప్పిన దానికి మీరే బలం చేకూర్చారు.

డీప్_పర్పుల్_దాసు
ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ జాన్ లార్డ్‌ది మొత్తం సొంత రచన. వీళ్లు సగం పరాయి సొమ్ము వాయించారు. టైన్ గారి రెండో అభ్యంతరం అదే కదా, దానికి జవాబు రాలేదు.

మృదంగం_శిష్యుడు
‘రోండో’ పేరు వచ్చింది కాబట్టి నేను మాట్లాడాలి. ఇది నా పిచ్చి.

దాని మూలం అమెరికన్ జాజ్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ 1959లో రికార్డు చేసిన ‘బ్లూ రోండో అలా టర్క్’. బ్రూబెక్ 1958లో అమెరికా ప్రభుత్వం పంపిన పర్యటనలో టర్కీ వెళ్లినప్పుడు వీధిలో వాయించేవాళ్ల దగ్గర తొమ్మిది దెబ్బల నడక విన్నాడు. అదే పర్యటనలో మన దేశానికి కూడా వచ్చాడు, ‘కల్కటా బ్లూస్’ అని ఒకటి చేశాడు.

ఆ తొమ్మిది ఎలా నడుస్తుందంటే:
తక తక తక తకిట
తక తక తక తకిట
తక తక తక తకిట
తకిట తకిట తకిట

మూడు వరుసలు రెండు-రెండు-రెండు-మూడు, నాలుగో వరుస మూడు మూళ్లు. చేత్తో తొడ మీద వేసి చూడండి, వెంటనే పట్టుబడుతుంది. మా గురువుగారికి మొదటిసారి వినిపిస్తే రెండో ఆవృతానికే చెయ్యి కదిలింది. సంకీర్ణంలో (ఈ తొమ్మిది నడకలో) ఇంత పొందికగా వేసినవాడు ఎవడ్రా అని అడిగారు.

ఇక నైస్ వాళ్లు ఏం చేశారు? ఆ తొమ్మిదిని తీసుకెళ్లి నాలుగులో కూర్చోబెట్టారు. బ్రూబెక్ పాట ప్రాణం ఆ తొమ్మిదే. దాన్ని తీసేశాక మిగిలేది వేగం ఒక్కటే. పైగా ఆల్బమ్ మీద రచన తమ నలుగురి పేరుతో వేసుకున్నారు, బ్రూబెక్ పేరు లేదు. ఈ విషయంలో నేను దాసు గారి పక్షం.

పాతపాటల_పద్మ
మృదంగం గారూ, మీరు రాసినది చదివి వంటింట్లో గరిటెతో వేశాను. పట్టుబడింది. పప్పు అడుగంటింది.

ఆర్గాన్_మోజు
పేరు వేయకపోవడం తప్పే. దానికి నేను వకాల్తా పుచ్చుకోను. ఆ రోజుల్లో రాక్ బ్యాండ్లలో ఇది అలవాటుగా జరిగింది. అలవాటైనంత మాత్రాన ఒప్పు కాదు.

కానీ తొమ్మిదిని నాలుగు చేయడం మీద నా అభిప్రాయం వేరు. మీ గురువుగారి చెయ్యి కదిలింది, ఎందుకంటే ఆయనకి సంకీర్ణం చిన్నప్పటి నుంచి ఒంట్లో ఉంది. 1967లో లండన్ క్లబ్బుల్లో నిలబడి ఊగే కుర్రాళ్లకి అది లేదు. నాలుగులోకి తెచ్చాక డేవిసన్ డ్రమ్స్ గుర్రంలా పరుగెత్తుతుంది, దాని మీద ఎమర్సన్ బాఖ్ ముక్క ఒకటి తెచ్చి పెడతాడు, మళ్లీ బ్రూబెక్ వరసకి వస్తాడు. తొమ్మిదిలో ఉంటే అక్కడ బాఖ్‌కి చోటు దొరికేది కాదు.

మృదంగం_శిష్యుడు
చోటు కోసం గోడ పడగొట్టారంటారు. సరే. నాకు ఆ గోడ ఇష్టం. అభిప్రాయం మార్చుకోను. కానీ మీరన్నాక మళ్లీ విన్నాను, ఆ బాఖ్ ముక్క వచ్చే చోట ఒళ్లు జలదరించింది. ఇది కూడా నిజమే కాబట్టి రాస్తున్నాను.

గోదావరి_గట్టు
నేను సంగీతం మనిషిని కాదు. సివిల్ ఇంజనీర్ని, ఊరు రాజమండ్రి. టైన్ గారూ, మీరు నడిచే హై లెవెల్ బ్రిడ్జి 1849 నాటిది, రాబర్ట్ స్టీఫెన్‌సన్ కట్టినది. రెండంతస్తులు. పైన రైలు, కింద రోడ్డు. మా రోడ్-కమ్-రైల్ బ్రిడ్జి కూడా రెండంతస్తులే, 1974లో మొదలైంది. మాది పైన రోడ్డు, కింద రైలు. చిన్నప్పుడు కొవ్వూరు వెళ్లేటప్పుడు బస్సు కింద రైలు వెళ్తుంటే కాళ్లలోకి ఆ అదురు వచ్చేది. మీకు నెత్తి మీద వస్తుందన్నమాట.

ఇంతకీ ఆ ఐదు వంతెనలు ఏవి? ఇప్పుడు అక్కడ ఏడు ఉన్నట్టు గుర్తు.

టైన్_ఒడ్డున
అవునండీ, ఇప్పుడు ఏడు. 1969లో ఐదే: హై లెవెల్, స్వింగ్ బ్రిడ్జి, టైన్ బ్రిడ్జి, కింగ్ ఎడ్వర్డ్ బ్రిడ్జి, రెడ్‌హ్యూ బ్రిడ్జి. మెట్రో రైలు వంతెన 1981లో వచ్చింది, మిలేనియం బ్రిడ్జి 2001లో. రెడ్‌హ్యూ కూడా అప్పటిది కాదు, 1983లో కొత్తది కట్టారు.

నెత్తి మీద అదురు నిజమే. మొదటి వారం భయపడ్డాను. ఇప్పుడు రైలు రాకపోతే వెలితిగా ఉంటుంది.

కాయర్_గుంటూరు
మా నాన్న మా ఊరి చర్చిలో ముప్పై ఏళ్లు కాళ్లతో తొక్కే పెడల్ ఆర్గాన్ వాయించారు. నేను కాయర్‌లో ఆల్టో పాడతాను. అందుకే ఈ ఆల్బమ్‌లో నాకు మూడో భాగం ‘కోరల్’ ఇష్టం.

కోరల్ అంటే చర్చిలో సభ అంతా కలిసి పాడే కీర్తన. నిదానంగా, నాలుగు గొంతులు ఒకేసారి అడుగు వేస్తూ నడుస్తుంది. బాఖ్ ఇలాంటివి వందల్లో కూర్చాడు. ఇక్కడ లీ జాక్సన్ ఆర్కెస్ట్రాతో ఆ పద్ధతిలో పాడతాడు. ఒక చరణం అవగానే ముగ్గురూ జాజ్‌లోకి దూకుతారు. మళ్లీ కీర్తన.

ఆగి ఆగి వస్తోందని టైన్ గారు అన్నది బహుశా ఈ భాగం గురించే. మా చర్చిలో పాస్టరుగారు ఒక మాట చదువుతారు, సభ జవాబు చెబుతుంది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగుతారు. అది కలవకపోవడం కాదు కదా. ఒకరి మాట ఒకరు వింటున్నారు.

టైన్_ఒడ్డున
ఈ మాట నచ్చింది. కచేరీలో గాయకుడు స్వరం వేస్తే వయొలిన్ జవాబిస్తుంది, అక్కడా ఒకరి తర్వాత ఒకరే. కానీ తేడా ఉందండీ. గాయకుడు కల్యాణి పాడితే నేను కల్యాణిలోనే జవాబిస్తాను. ఇక్కడ ఆర్కెస్ట్రా ఒక భాషలో అడిగితే ముగ్గురూ ఇంకో భాషలో జవాబిస్తున్నారు. ఆర్కెస్ట్రాకి అది అర్థమైనట్టు నాకు అనిపించడం లేదు. ముగ్గురూ వాయించిన దానివల్ల ఆర్కెస్ట్రా తర్వాతి చరణంలో ఏమైనా మారిందా? అదే నా ప్రశ్న.

కాయర్_గుంటూరు
మారలేదు. మీరు అడిగాక పెన్సిలు పట్టుకుని విన్నాను. నిజంగానే ఆర్కెస్ట్రా తన దారిన తాను ఉంది.

బేస్_బాబీ
దానికి స్టేజీ కారణం కూడా ఉంటుంది. నేను పెళ్లి ఆర్కెస్ట్రాల్లో పన్నెండేళ్లు బేస్ వాయించాను. ఒక పక్క యాంప్లిఫయర్లు మోగుతుంటే ఇంకో పక్క మైకు లేని వయొలిన్ల వాళ్లకి తమ చేతిలోది తమకే వినపడదు. ఆర్కెస్ట్రా చూసేది కండక్టర్ చేతిని, బ్యాండు వినేది డ్రమ్మర్‌ని. ఇద్దరూ ఒకేసారి వాయిస్తే సగం దెబ్బ తేడా వచ్చి ఊరుకుంటుంది. వంతులవారీగా వాయించుకోవడం అక్కడ తెలివైన పని. ఇది స్టూడియోలో అతికినది కాదు, 1969 అక్టోబర్ 17న క్రాయ్‌డన్‌లోని ఫెయిర్‌ఫీల్డ్ హాల్స్‌లో జనం ముందు సింఫోనియా ఆఫ్ లండన్‌తో వాయిస్తూ రికార్డు చేసినది. కండక్టర్ జోసెఫ్ ఈగర్.

పాతపాటల_పద్మ
సంగీతం సరే. ఆయన గొంతు మాత్రం నాకు పడలేదు. గరుకుగా, అరిచినట్టు ఉంది. ఘంటసాల విని పెరిగిన చెవులు, ఏం చేయను.

ఆర్గాన్_మోజు
పద్మ గారూ, చాలామంది ఇదే మాట అంటారు. కానీ లీ జాక్సన్ న్యూకాసిల్ మనిషి. ఆ ఐదు భాగాల రచనలో మాటలు రాసింది ఆయనే. న్యూకాసిల్ ఆర్ట్స్ ఫెస్టివల్ వాళ్లు అడిగితే చేసిన పని ఇది, మొదట వాయించింది అక్కడి సిటీ హాల్‌లోనే. ఆ ఊరి గురించి, ఆ ఊళ్లో, ఆ ఊరివాడు పాడుతున్నాడు. నాకు ఆ గరుకు దానికి తగినట్టే ఉంటుంది.

వినైల్_వరంగల్
ఎల్పీ దొరికినోళ్లు అదృష్టవంతులన్నా. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఒంకరపోయి వచ్చింది. ఎండలో పెట్టినట్టున్నారు. సూది సముద్రంలో పడవలెక్క లేచి పడుతుంది. రెండు అద్దాల మధ్య పెట్టి మీద బరువు పెట్టిన, మూడు నెలలకు కొంచెం దారికొచ్చింది. మొదటి ట్రాక్ ఇప్పటికీ వినరాదు. రెండోది నుంచి వింటున్న.

నాకు తెలిసినంత వరకు రెండోదాంట్ల ఆర్కెస్ట్రా లేదు. ముగ్గురే. అదే మంచిగుంది.

ఆర్గాన్_మోజు
వరంగల్ అన్న తెలియకుండానే తాళంచెవి అందించాడు. టైన్ గారూ, ఇప్పుడు ఒక పని చేయండి. ‘సెకండ్ బ్రిడ్జ్’ విని, మధ్యలోవి వదిలేసి నేరుగా ఐదో భాగం ‘ఫినాలే’ పెట్టండి. సెకండ్ బ్రిడ్జ్‌లో ముగ్గురే వాయించినదే ఫినాలేలో తిరిగి వస్తుంది. ఈసారి దాని చుట్టూ జాజ్ బాకావాళ్లు ఉంటారు. మీరు అడిగిన మార్పు అక్కడ ఉంది. ఒకళ్లు వాయించినదాన్ని ఇంకొకళ్లు అందుకుని పెద్దది చేశారు.

నిజాంపేట_జాజ్
ఆ బాకావాళ్లు మామూలు మనుషులు కాదు. కెన్నీ వీలర్, అలన్ స్కిడ్‌మోర్, జో హారియట్. అప్పటి బ్రిటిష్ జాజ్‌లో ముందు వరస.

జో హారియట్ దగ్గర ఒక నిమిషం ఆగాలి. జమైకాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన ఆల్టో శాక్సఫోన్ విద్వాంసుడు. 1966లో జాన్ మేయర్‌తో కలిసి ‘ఇండో-జాజ్ సూట్’ చేశాడు. మేయర్ కలకత్తాలో పుట్టిన వయొలినిస్టు, స్వరకర్త. ఐదుగురు జాజ్ వాళ్లు ఒక పక్క, సితార, తబలా, తంబూరాలతో ఇంకో ఐదుగురు ఒక పక్క. టైన్ గారు అడిగే "కలిశారా, పక్కపక్కన కూర్చున్నారా" అనే ప్రశ్న ఆ రికార్డుకీ వేయొచ్చు. మీరు వయొలిన్ మనిషి కాబట్టి తప్పకుండా వినండి. తంబూరా శ్రుతి మీద హారియట్ శాక్సఫోన్ ఎత్తుకునే చోట నేను ప్రతిసారీ పని ఆపేస్తాను.

డీప్_పర్పుల్_దాసు
ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్’ కూడా. 1986. త్యాగరాజుకీ బాఖ్‌కీ కలిపి అంకితమిచ్చాడు. అందులో వయొలిన్ వి.ఎస్. నరసింహన్. మా ఇంట్లో క్యాసెట్ అరిగిపోయింది.

టైన్_ఒడ్డున
అది నేను వయొలిన్ మానేయకుండా పట్టి ఉంచిన క్యాసెట్ దాసు గారూ. బహుశా అందుకే నా చెవి అంత పట్టుదలగా ఉంది. అందులో అతుకు వినపడదు.

మృదంగం_శిష్యుడు
ఇళయరాజా దగ్గర పదిహేడేళ్ల తర్వాతి కాలం ఉంది, స్టూడియో ఉంది, అన్నిటికీ మించి రెండు సంగీతాలూ ఒకే బుర్రలో ఉన్నాయి. పోలిక న్యాయం కాదేమో.

కాయర్_గుంటూరు
‘అమెరికా’ గురించి ఎవరూ చెప్పలేదు. అది విన్నాక దాసు గారి "పరాయి సొమ్ము" మాట మీద నా అభిప్రాయం వేరుగా ఉంది.

మూలం లెనార్డ్ బెర్న్‌స్టీన్ 1957లో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’కి రాసిన పాట. అమెరికా వచ్చిన ప్యూర్టోరికో వాళ్లు ఆ దేశాన్ని పొగుడుతూ ఎత్తిపొడుస్తూ పాడుకుంటారు. నైస్ వాళ్లు మాటలు తీసేసి ఆర్గాన్ మీద వాయించారు, మధ్యలో ద్వొర్జాక్ ‘న్యూ వరల్డ్’ సింఫనీ నుంచి ముక్క తెచ్చి పెట్టారు. ద్వొర్జాక్ చెక్ దేశస్థుడు. ఆ సింఫనీ 1893లో అమెరికాలో ఉంటూ రాశాడు. అంటే అమెరికాకి బయటి నుంచి వచ్చినవాళ్ల పాట ఒకటి, బయటి నుంచి వచ్చినవాడి సింఫనీ ఒకటి. చేతికి దొరికిన రెండు రాగాలు తెచ్చి అతికించలేదు, ఆలోచించి ఎంచుకున్నారు. దానికి ‘సెకండ్ అమెండ్‌మెంట్’ అని తోక పేరు కూడా పెట్టారు, అంటే తుపాకీ పట్టే హక్కు. 1968లో, వియత్నాం యుద్ధం నడుస్తూ, మార్టిన్ లూథర్ కింగ్‌నీ రాబర్ట్ కెన్నెడీనీ కాల్చేసిన ఏడాదిలో. చివర్లో ఒక పసివాడి గొంతు వినిపిస్తుంది. అది పి.పి. ఆర్నాల్డ్ కొడుకుది. మా పిల్లవాడికి కూడా ఇప్పుడు అదే వయసు. నేను ఆ చివరి మాట దాకా వినలేను, ఆపేస్తాను.

ఆర్గాన్_మోజు
చాలా బాగా చెప్పారు. ఆ పాట ఇంగ్లండ్‌లో అమ్మకాల జాబితాలో 21వ స్థానం దాకా వెళ్లింది. ఆ జూన్ 26న రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఎమర్సన్ స్టేజీ మీద అమెరికా జెండా బొమ్మకి నిప్పు పెడితే హాలువాళ్లు బ్యాండుని నిషేధించారు. బెర్న్‌స్టీన్‌కి కూడా ఈ వాయింపు నచ్చలేదు.

పాతపాటల_పద్మ
నిప్పు పెట్టడం నాకు నచ్చలేదు. చెప్పాల్సింది ఆర్గాన్ చెప్పేసింది కదా.

బేస్_బాబీ
ఆర్గాన్‌లో కత్తులు గుచ్చేవాడని విన్నాను, అది కూడా జనం కోసమేనా?

ఆర్గాన్_మోజు
కొంత జనం కోసమే. కానీ ఉపయోగం ఉంది. హామండ్ ఆర్గాన్‌లో కీ నొక్కినంతసేపూ స్వరం మోగుతూనే ఉంటుంది, పియానోలా తగ్గిపోదు. రెండు కీల సందులో కత్తి గుచ్చితే అవి కిందే ఉండిపోతాయి, శ్రుతి పెట్టెలా మోగుతుంటాయి. అతను లేచి ఇంకో వాద్యం దగ్గరికి పోవచ్చు, లేదా ఆర్గాన్‌నే ఒక పక్కకి వంచి దాని స్పీకర్ దగ్గరికి లాగి గిటార్‌లా కేకలు వేయించొచ్చు. ఇందుకోసం హామండ్ ఎల్-100 అనే చిన్నది వేరుగా ఉంచుకున్నాడు. అసలు వాయింపు పెద్దదాని మీద.

కాయర్_గుంటూరు
మా నాన్న ఇది చదివితే రెండు రోజులు అన్నం తినరు.

వినైల్_వరంగల్
శ్రుతి పెట్టె అన్నది మస్తుగ చెప్పినవ్ అన్నా. ఇప్పుడర్థమైంది ఆ మోత.

గోదావరి_గట్టు
నాలుగో భాగం పేరు ‘హై లెవెల్ ఫ్యూగ్’ అని చూశాను. ఫ్యూగ్ అంటే ఏమిటి? రెండంతస్తుల వంతెనకీ దానికీ సంబంధం ఉందా అని అడుగుతున్నాను, తెలియక.

కాయర్_గుంటూరు
ఒకరు పల్లవి ఎత్తుకుంటారు. అది పూర్తవగానే రెండోవాళ్లు అదే పల్లవిని వేరే స్థాయిలో ఎత్తుకుంటారు. మొదటివాళ్లు ఆగరు, దాని మీద ఇంకో వరస పాడుతుంటారు. తర్వాత మూడోవాళ్లు. అందరిదీ ఒకే పల్లవి, కానీ ఎవరి నడక వారిది. ఒకరి మీద ఒకరు నడుస్తారు, ఢీకొట్టుకోరు.

మీ ప్రశ్న చదివాక నాకు కూడా ఆ వంతెనే కనిపిస్తోంది. పైన రైలు, కింద మనుషులు.

నిజాంపేట_జాజ్
ఆ ఫ్యూగ్ పియానో మీద ఉంటుంది, పక్కన తాళవాద్యం. ఆస్ట్రియా పియానిస్టు ఫ్రెడ్రిక్ గుల్డా ప్రభావం ఉందని రికార్డు కవర్ మీద ఎమర్సనే రాసుకున్నాడు. గుల్డా మొజార్ట్‌నీ బేతోవెన్‌నీ వాయించే దిట్ట, జాజ్ కూడా వాయించేవాడు. పల్లవి జాజ్ పలుకుబడిలో ఉంటుంది, దాన్ని నడిపే పద్ధతి బాఖ్ కాలానిది. టైన్ గారూ, మీరు వెతికేది ఇక్కడ ఉందేమో చూడండి. ఆర్కెస్ట్రా లేదు, వంతులు లేవు. రెండూ ఒకే మనిషి రెండు చేతుల్లో.

టైన్_ఒడ్డున
మూడు వారాల తర్వాత వస్తున్నాను. ఆలస్యానికి మన్నించండి.

మీరు చెప్పిన వరసలోనే విన్నాను. ‘రోండో’ విషయంలో నేను మృదంగం గారితోనే ఉన్నాను, బ్రూబెక్ తొమ్మిదే నాకు కావాలి. ‘అమెరికా’ ఒక రాత్రి వరుసగా ఐదుసార్లు విన్నాను. సెకండ్ బ్రిడ్జ్ నుంచి ఫినాలేకి దూకితే ఆర్గాన్ గారు చెప్పింది నిజంగానే వినపడింది. కోరల్ ఇప్పటికీ నాకు అతుకులాగే ఉంది.

ఫ్యూగ్ మాత్రం ఫోన్‌లో పెట్టుకుని ఆ వంతెన మీదే విన్నాను. సగంలో ఉండగా పైన రైలు వచ్చింది. వంతెన అంతా మోగింది, పియానో దాని కింద నడుస్తూనే ఉంది. నేను నడక ఆపేసి రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను.

నిన్న పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఉన్నదున్నట్టు చెప్పాను, కోరల్ సంగతితో సహా. ఆయన నవ్వి, తన భార్యకి కూడా అది పడదని అన్నారు. 1969లో సిటీ హాల్‌లో ఆయన ఉన్నారట. అప్పుడు పదహారేళ్లు. ఆర్కెస్ట్రా ఎలా వాయించిందో తనకిప్పుడు గుర్తు లేదని, తమ యాసలో మాట్లాడే మనిషి ఒకడు అంతమంది వయొలిన్ల ముందు నిలబడి తమ ఊరి గురించి పాడటం మాత్రం గుర్తుందని చెప్పారు. ఆల్బమ్ బయటికొచ్చేసరికి బ్యాండు విడిపోయిందట. అయినా అది రెండో స్థానం దాకా వెళ్లిందని చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది.

నా వయొలిన్ ఇండియాలోనే ఉందని తెలిసి బాధపడ్డారు. అమ్మకి ఫోన్ చేశాను, మార్చిలో వచ్చేవాళ్లతో పంపిస్తానంది.

పాతపాటల_పద్మ
వయొలిన్ వచ్చాక ఆ ఫ్యూగ్‌లో పల్లవి ఒక్కటి వాయించి రికార్డు చేసి పెట్టు బాబూ. గాత్రం లేదు కాబట్టి నేను కూడా వింటాను.

మృదంగం_శిష్యుడు
తాళం నాది. నాలుగులోనే వేస్తాను, ఒట్టు.